మా టీవీ స్టిక్‌లో అక్కర్లేని యాప్‌ల ఏరివేత: మూడు వారాల పని

మొదటి శనివారం

టీవీ వెనక తగిలించిన స్టిక్‌కి ఇది నాలుగో ఏడాది. ఆండ్రాయిడ్ టీవీ, 8 జీబీ స్టోరేజ్, 2 జీబీ ర్యామ్. ఈ మధ్య హోమ్ బటన్ నొక్కితే తెర నిండటానికి ఏడెనిమిది సెకన్లు పడుతోంది. నిన్న యూట్యూబ్ అప్‌డేట్ చేయబోతే చోటు చాలదంది. సెట్టింగ్స్‌లో చూస్తే మిగిలింది 310 ఎంబీ. డబ్బా మీద 8 జీబీ అని ఉన్నా సిస్టమ్ తీసుకునేది పోగా మన వాడకానికి వచ్చేది నాలుగు జీబీ పైచిలుకే. అందులోనూ మేం ఎప్పుడూ తెరవని యాప్‌లు కూర్చుని ఉన్నాయి.

తమ్ముడు కొత్తది కొనేద్దామన్నాడు. నాకు మనసొప్పలేదు. బొమ్మ బాగుంది, రిమోట్ బాగుంది, వైఫై పట్టు బాగుంది. దాని నెత్తిన పెట్టిన బరువే ఎక్కువైంది. ఆ బరువు దించి చూద్దామని కూర్చున్నాను.

ఏదైనా తీసేముందు కొలత రాసుకోవాలి. లేకపోతే తర్వాత 'కొంచెం ఫాస్ట్ అయినట్టుంది' అని మనల్ని మనమే నమ్మించుకుంటాం. స్టిక్ రీస్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు వదిలేసి, ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూశాను. యాప్‌లోంచి హోమ్‌కి రావడానికి మూడు సార్లకు సగటున 7 సెకన్లు. రీస్టార్ట్ చేసినందుకే సగం పరికరాలు చురుగ్గా కనిపిస్తాయి కాబట్టి, చివర్లో కూడా ఇలాగే రీస్టార్ట్ చేశాకే కొలవాలని నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఈ రోజు కంప్యూటర్ జోలికి పోలేదు. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి మొత్తం జాబితా తెరిచాను. అక్కడున్నవి మూడు రకాలు. మనం వేసుకున్నవాటికి అన్‌ఇన్‌స్టాల్ ఉంటుంది. స్టిక్‌తో పాటు వచ్చినవాటిలో చాలావాటికి డిజేబుల్ మాత్రమే ఉంటుంది. కొన్నింటికి ఆ రెండూ ఉండవు. మొదటి రకంలో తమ్ముడు ఎప్పుడో వేసిన నాలుగు గేమ్‌లు, గడువు తీరిన ఒక సబ్‌స్క్రిప్షన్ యాప్ పోయాయి.

రెండో రకం దగ్గర ఒక సంగతి తెలిసి ఉండాలి. స్టిక్‌తో వచ్చిన యాప్ అసలు కాపీ సిస్టమ్ విభాగంలో ఉంటుంది, దాన్ని మనం కదపలేం. ఆ తర్వాత ప్లే స్టోర్ నుంచి వచ్చిన అప్‌డేట్‌లు మాత్రం మన వాటా చోటులోనే చేరతాయి. కాబట్టి నేరుగా డిజేబుల్ నొక్కి వదిలేయకుండా, ముందు అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, తర్వాత క్లియర్ డేటా, చివర్లో డిజేబుల్ చేశాను. ఈ వరుసలో ఆరు యాప్‌లు అయ్యేసరికి ఖాళీ 310 ఎంబీ నుంచి 890 ఎంబీకి వచ్చింది. చాలామందికి ఇంతవరకే సరిపోతుంది. ఇక్కడ ఆగిపోయినా తప్పులేదు.

ఆదివారం

మూడో రకం నన్ను ఊరుకోనివ్వలేదు. డిజేబుల్ బటన్ కూడా లేని ఆ యాప్‌ల కోసం ఏడీబీ మొదలుపెట్టాను. ఆండ్రాయిడ్ డీబగ్ బ్రిడ్జ్‌కి పొట్టి పేరు అది. కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ పరికరానికి ఆదేశాలు పంపే సాధనం. గూగుల్ ఉచితంగా ఇచ్చే ప్లాట్‌ఫామ్ టూల్స్ అనే చిన్న జిప్ ఫైల్‌లో ఉంటుంది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటికీ దొరుకుతుంది. రూట్ చేయాల్సిన పని, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకోవాల్సిన పని లేదు.

స్టిక్‌లో అబౌట్ పేజీకి వెళ్లి బిల్డ్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేశాను. నెట్‌వర్క్ వివరాల్లో స్టిక్ ఐపీ అడ్రస్ చూసుకుని, కంప్యూటర్‌లో 'ఏడీబీ కనెక్ట్' అని కొట్టి, ఆ అడ్రస్, దాని పక్కన :5555 (పోర్ట్, అంటే ఏడీబీ కనెక్షన్ వచ్చే ద్వారం నంబరు) ఇచ్చాను. టీవీ తెర మీద అనుమతి అడిగే పెట్టె వచ్చింది. టీవీ ముందు ఎవరూ లేకపోతే ఆ పెట్టెను చూసేవాళ్లుండరు, కంప్యూటర్ మాత్రం అనుమతి లేదనే అంటుంది. నాకు అక్కడే పది నిమిషాలు పోయాయి. కొత్త వెర్షన్లలో వైర్‌లెస్ డీబగ్గింగ్ అని విడిగా ఉంటుంది. అది టీవీ మీద 6 అంకెల కోడ్ చూపిస్తుంది. ముందు 'ఏడీబీ పెయిర్'తో ఆ కోడ్ ఇచ్చి, ఆ తర్వాత కనెక్ట్ చేయాలి.

ఇక్కడ కమాండ్లను పలికినట్టు రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఇక్కణ్నుంచి వచ్చే ప్రతి కమాండ్ ముందూ 'ఏడీబీ షెల్' ఉండాలి.

మొదట చేసిన పని జాబితా తీసి ఫైల్‌లో దాచడం. 'పీఎం లిస్ట్ ప్యాకేజెస్' అంటే అన్నీ వస్తాయి. చివర -ఎస్ పెడితే సిస్టమ్ యాప్‌లు, -3 పెడితే మనం వేసుకున్నవి, -డి పెడితే డిజేబుల్ అయి ఉన్నవి. నాలుగు జాబితాలూ నాలుగు ఫైళ్లు. మొత్తం 187 పేర్లు. చూడగానే టెన్షన్ వచ్చింది, ఎందుకంటే ఇవి తెర మీద కనిపించే పేర్లు కావు, సిస్టమ్ ఒక్కో యాప్‌ని గుర్తించే ప్యాకేజీ పేర్లు. సెర్చ్, అసిస్టెంట్ పనులు చూసే యాప్ పేరు అక్కడ కామ్.గూగుల్.ఆండ్రాయిడ్.కట్నిస్. ఆ పేరులో సెర్చ్ అన్న మాటే లేదు.

ఏ పేరు ఏ యాప్‌దో పట్టుకోవడానికి రెండు దారులు పనిచేశాయి. టీవీలో ఆ యాప్ తెరిచి ఉంచి 'డంప్‌సిస్ విండో' అని కొట్టి, వచ్చినదాంట్లో ఎమ్‌కరెంట్‌ఫోకస్ అన్న వరుస వెతికితే అందులో ప్యాకేజీ పేరు ఉంటుంది. లేదంటే కంప్యూటర్ బ్రౌజర్‌లో ప్లే స్టోర్ తెరిచి ఆ యాప్ పేజీకి వెళ్తే అడ్రస్‌లో ఐడీ= తర్వాత ఉండేది అదే. ఈ రెండింటికీ దొరకనివాటిని ముట్టుకోకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

మొదటి వారం

పెట్టుకున్న పద్ధతి ఇది: ఏదైనా ముందు డిజేబుల్ మాత్రమే. రోజుకు మూడు, నాలుగుకు మించకూడదు. ఇంట్లో అందరూ మామూలుగా టీవీ వాడాలి. నాలుగు రోజులు ఏ ఇబ్బందీ లేకపోతే అప్పుడే అన్‌ఇన్‌స్టాల్. ఒక్క రాత్రిలో ముప్పై తీసేసినవాళ్లకి తర్వాత ఏదో పనిచేయకపోతే ముప్పైలో దేనివల్లో తేలదు. ఈ పనిలో నేను అన్నిటికంటే విలువిచ్చేది ఈ నెమ్మదికే.

కమాండ్: 'పీఎం డిజేబుల్-యూజర్ --యూజర్ 0', తర్వాత ప్యాకేజీ పేరు. వెనక్కి తేవాలంటే 'పీఎం ఎనేబుల్' చాలు.

మొదటి విడతలో ప్రింట్ స్పూలర్ (టీవీ నుంచి ప్రింట్ ఎవరు తీస్తారు), ఫీడ్‌బ్యాక్, ప్లే గేమ్స్, అమ్మకానికి పెట్టిన చోట ప్రదర్శన కోసం ఉండే డెమో యాప్, తయారీదారు ప్రకటనల యాప్‌లు రెండు. ఏ తేడా రాలేదు.

రెండో విడతలో కట్నిస్ కూడా చేర్చాను. నేను రిమోట్‌తో మాట్లాడను కదా, ఎందుకులే అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం అమ్మ పిలిచింది. "ఏమే, ఎంత చెప్పినా ఇది వినిపించుకోవట్లేదు, మైకు పాడైందా?" అమ్మకి రిమోట్‌తో ఒక్కో అక్షరం ఏరుకుంటూ టైప్ చేయడం కష్టం. మైక్ బటన్ నొక్కి సినిమా పేరు చెప్తుంది, అదే ఆవిడ టీవీ చూసే తీరు. వెంటనే ఎనేబుల్ చేసి, ఆవిడ చేతే పేరు చెప్పించి చూశాను. పనిచేసింది. అప్పటి నుంచి ఏది తీయాలన్నా నేను వాడతానా అని కాదు, ఇంట్లో ఎవరైనా వాడతారా అని అడిగాకే చేస్తున్నాను. ఫోన్‌ను రిమోట్‌గా వాడే సర్వీస్ కూడా అలాగే మిగిలింది, తమ్ముడికి అది కావాలి.

రెండో వారం

అసలు తప్పు ఈ వారం జరిగింది. జాబితాలో రెండు కీబోర్డ్‌లు కనిపించాయి, తయారీదారుది ఒకటి, జీబోర్డ్ ఒకటి. రెండెందుకని మొదటిదాన్ని డిజేబుల్ చేశాను. రాత్రి ఒక యాప్‌లో పాస్‌వర్డ్ అడిగింది. పెట్టె తెరుచుకుంది, కీబోర్డ్ రాలేదు. తీరా చూస్తే జీబోర్డ్ ముందునుంచే డిజేబుల్ అయి ఉంది. నేను తీసిన -డి ఫైల్‌లో ఆ పేరు స్పష్టంగా ఉంది, చూసుకోలేదు.

స్టిక్ ఇంకా వైఫై మీదే ఉంది కాబట్టి గండం గడిచింది. 'ఇన్‌పుట్ టెక్స్ట్' అనే కమాండ్‌తో కంప్యూటర్ నుంచే పాస్‌వర్డ్ పెట్టెలోకి అక్షరాలు పంపొచ్చు. అలా లాగిన్ పూర్తి చేసి, కీబోర్డ్‌ని ఎనేబుల్ చేశాను. అదే సమయంలో రూటర్ మార్చి ఉంటే? కొత్త వైఫై పాస్‌వర్డ్ కొట్టడానికి కీబోర్డ్ లేదు, వైఫై లేకపోతే ఏడీబీ లేదు. ఫ్యాక్టరీ రీసెట్ తప్పేది కాదు. ఇప్పుడు కీబోర్డ్ ఏదైనా కదిపేముందు 'ఐఎంఈ లిస్ట్ -ఎస్' కొడుతున్నాను. వాడుకకు సిద్ధంగా ఉన్న కీబోర్డ్‌లను మాత్రమే అది చూపిస్తుంది.

దీని తర్వాత నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో ఒక పేజీ కేటాయించాను, ముట్టకూడనివాటికి. గూగుల్ ప్లే సర్వీసెస్ (జాబితాలో జీఎంఎస్ అని ఉంటుంది), దానితో ఉండే గూగుల్ సర్వీసెస్ ఫ్రేమ్‌వర్క్ (జీఎస్ఎఫ్), ప్లే స్టోర్, వెబ్‌వ్యూ, టీవీ సెట్టింగ్స్, ప్యాకేజ్ ఇన్‌స్టాలర్, పేరులో ప్రొవైడర్స్ అని ఉన్నవన్నీ, కీబోర్డ్, ఇంకో లాంచర్ (హోమ్ తెరను చూపించే యాప్) సిద్ధంగా లేనంతవరకూ ఇప్పుడున్న లాంచర్. వెబ్‌వ్యూ పేరు చూసి బ్రౌజర్ అనుకుంటారు. చాలా యాప్‌లు తమ లాగిన్ పేజీలను చూపించేది దానితోనే.

లాంచర్ మార్చాలని కొంత ఆశపడ్డాను, హోమ్ తెర నిండా వరుసలు వరుసలుగా వచ్చే సిఫార్సులు నచ్చక. కానీ హోమ్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో ఛానెల్స్ దగ్గర ఒక్కో వరుసనీ ఆపే వీలుంది. అవన్నీ ఆపేశాను, నాకు అదే సరిపోయింది. గూగుల్ టీవీ ఉన్నవాళ్లకి అకౌంట్ సెట్టింగ్స్‌లో యాప్స్ ఓన్లీ మోడ్ ఉంటుంది.

మూడో వారం

నాలుగు రోజుల పరీక్ష దాటినవాటిని అన్‌ఇన్‌స్టాల్ చేశాను. 'పీఎం అన్‌ఇన్‌స్టాల్ --యూజర్ 0', తర్వాత ప్యాకేజీ పేరు. మధ్యలో -కె పెడితే ఆ యాప్ డేటా, క్యాష్ అలాగే మిగిలిపోతాయి. చాలామంది చూసి రాసినట్టు దాన్ని కూడా కొట్టేస్తుంటారు. చోటు కోసం చేసే పనిలో అది అక్కర్లేదు.

ఈ కమాండ్‌కి సక్సెస్ అని జవాబు వచ్చినా యాప్ స్టిక్‌లోంచి పూర్తిగా పోదు. ఆండ్రాయిడ్‌లో ఒకే పరికరాన్ని పలువురు యూజర్లు వాడే ఏర్పాటు 2012లో 4.2 వెర్షన్‌తో వచ్చింది. అందులో మొదటి యూజర్ నంబరు 0. మనం చేసేది ఆ ఒక్క యూజర్‌కి ఈ యాప్ లేదని చెప్పడమే. అసలు కాపీ చదవడానికి మాత్రమే వీలున్న సిస్టమ్ విభాగంలో భద్రంగా ఉంటుంది. అందుకే ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే అన్నీ తిరిగొస్తాయి. రీసెట్ లేకుండా ఒక్కటే కావాలంటే 'సీఎండీ ప్యాకేజ్ ఇన్‌స్టాల్-ఎగ్జిస్టింగ్' అని, పేరు ఇస్తే డౌన్‌లోడ్ లేకుండానే వచ్చేస్తుంది. ప్రింట్ స్పూలర్‌తో తీసి, పెట్టి, మళ్లీ తీసి చూశాను. ఆ సిస్టమ్ కాపీ ఆక్రమించిన చోటు మాత్రం మనకి దక్కదు. మనకి దక్కేది అప్‌డేట్‌ల చోటు, డేటా, వెనక నడుస్తూ తినే ర్యామ్.

లెక్కలు. రెండింటికీ ముందు రీస్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఆగాను. తీసినవి మొత్తం 23, డిజేబుల్‌లోనే ఉంచినవి 5. ఖాళీ 310 ఎంబీ నుంచి 1.3 జీబీ. హోమ్‌కి రావడం 7 సెకన్ల నుంచి 3 సెకన్లు. సినిమా పేజీలు లోడ్ అయ్యే వేగంలో తేడా ఏమీ లేదు, అది ఇంటర్నెట్ మీద ఆధారపడే పని. నాకు ఎక్కువ సంతోషమిచ్చింది వేరేది: అమ్మ సినిమా మధ్యలో ఆపి యూట్యూబ్ చూసి తిరిగొస్తే సినిమా ఆపిన చోటే ఉంటోంది. ఇంతకుముందు ర్యామ్ చాలక సిస్టమ్ ఆ యాప్‌ని మూసేసేది, మళ్లీ మొదటినుంచి తెరుచుకునేది.

పని ముగిశాక డీబగ్గింగ్ ఆపేసి, ఇచ్చిన అనుమతులను కూడా రివోక్ చేశాను, అంటే వెనక్కి తీసుకున్నాను. ఇది దయచేసి ఎవరూ మర్చిపోవద్దు. 2018 ఫిబ్రవరిలో ఏడీబీ.మైనర్ అనే వర్మ్ (తనంతట తానే వ్యాపించే వైరస్ లాంటి ప్రోగ్రామ్) 5555 పోర్ట్ తెరిచి ఉంచిన టీవీ బాక్సుల్లోకి, ఫోన్లలోకి దూరి క్రిప్టో మైనింగ్ చేయించింది. ఒక పరికరంలో చేరాక అక్కణ్నుంచే మరో పరికరం కోసం వెతికేది.

మిగిలింది రిమోట్ మీది ఒక బటన్. నేను తీసేసిన యాప్‌లలో ఒకదానికి అది విడిగా కేటాయించిన బటన్. చీకట్లో పొరపాటున నొక్కితే ఇప్పుడు ప్లే స్టోర్‌లో ఆ యాప్ ఇన్‌స్టాల్ పేజీ తెరుచుకుంటోంది. బటన్‌కి వేరే పని అప్పగించే యాప్‌లు ఉన్నాయి గానీ, అవి యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. ఆ అనుమతి ఉన్న యాప్ తెర మీద కనిపించేదంతా చదవగలదు. ఏదో ఒకటి వేసేయడానికి నాకు ధైర్యం చాలడం లేదు. వచ్చే శనివారం వాటిలో సోర్స్ కోడ్ బయట పెట్టినవి ఉన్నాయేమో వెతికి, చదివాకే ఒకటి పెడతాను. అప్పటివరకు ఆ బటన్ కింద పలచటి అట్టముక్క దూర్చాను. నొక్కినా దిగట్లేదు.