అత్తయ్య అటక మీద దొరికిన స్టాండు

శనివారం
విశాఖ మహారాణిపేటలో అత్తయ్య వాళ్ల వంటింటి అటక సర్దుతుంటే ఇత్తడి బిందెల వెనక ఒక చిన్న స్టాండు కనిపించింది. నల్లగా మసిబారి ఉంది. అడుగున సన్నటి పట్టీ, దాని మీద వరసగా ఏడు వంపు కమ్మీలు, మధ్యదానికి ఉంగరం లాంటి పిడి, కింద నాలుగు గుండ్రటి కాళ్లు.

"ఉత్తరాలు పెట్టుకునేదిరా. మీ మామయ్య కరెంటు బిల్లులు పెట్టేవారు" అంది అత్తయ్య. ఆరేళ్లుగా పాత వంటసామాను పోగేస్తున్నాను, ఇలాంటిది నా చేతికి రావడం ఇదే మొదలు.

ఆదివారం
పొడవు 15 సెం.మీ., పిడితో కలిపి ఎత్తు 13, బరువు 210 గ్రాములు. ఫ్రిజ్ అయస్కాంతం అంటుకోలేదు, అంటే ఇనుము కాదు. కమ్మీల మధ్య సందు దాదాపు 2 సెం.మీ. సాసర్లు పెడితే వాలిపోయాయి. టిఫిన్‌కి తెచ్చిన బ్రెడ్ ముక్క మాత్రం అచ్చంగా సరిపోయి నిలబడింది. టోస్ట్ ర్యాక్! కాల్చిన ముక్కలు ఒకదాని మీద ఒకటి పెడితే ఆవిరి చిక్కుకుని మెత్తబడతాయి, విడివిడిగా నిలబెడితే కరకరలాడుతూనే ఉంటాయి. ఇంగ్లండులో 18వ శతాబ్దం చివరి నుంచీ ఇవి వాడుకలో ఉన్నాయి.

పట్టీ అడుగున భూతద్దం పెట్టి చూస్తే చిన్న చిన్న గడుల్లో ఇ, పి, ఎన్, ఎస్ అనే ఇంగ్లిష్ అక్షరాలు. వెండి ముద్రే అనుకుని గుండె ఝల్లుమంది. కానీ ఇంగ్లండు స్టెర్లింగ్ (92.5 శాతం) వెండికి ఉండే నడిచే సింహం గుర్తు ఇక్కడ లేదు. ఆ అక్షరాలకి అర్థం ఎలక్ట్రో ప్లేటెడ్ నికెల్ సిల్వర్. నికెల్ సిల్వర్ అంటే మన పూజ సామాన్ల కొట్లో జర్మన్ సిల్వర్ అనేదే: రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. వెండి ఉండేది దాని మీద కరెంటుతో వేసిన పైపూతలోనే. ఈ పూత పద్ధతికి ఇంగ్లండులోని ఎల్కింగ్టన్ కంపెనీ వాళ్లు 1840లో పేటెంట్ తీసుకున్నారు, కాబట్టి ఈ ర్యాక్ అంతకన్నా పాతది కాదు.

మంగళవారం
అత్తయ్య చింతపండు, ఇటుక పొడి తెచ్చింది. బతిమాలి ఆపాను. పిడి దగ్గర ఇప్పటికే ఎవరో గట్టిగా తోమేసి పూత పోగొట్టారు, అక్కడ పసుపు ఛాయ లోహం చూస్తే ప్రాణం ఉసూరుమంది.

ప్లాస్టిక్ బేసిన్‌లో అల్యూమినియం ఫాయిల్ పరిచి, ర్యాక్ దానికి తగిలేలా పెట్టి, లీటరు వేడినీళ్లు, చెంచాడు వంటసోడా, కాస్త ఉప్పు వేశాను. కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. వెండిని నల్లబరిచిన గంధకం అల్యూమినియం వైపు పోతోందన్నమాట. ఐదు నిమిషాలకి తీసి, కడిగి, నూలుగుడ్డతో తడి లేకుండా తుడిచాను. మన సముద్రపు గాలికి మళ్లీ నల్లబడకుండా తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో గుడ్డలో చుట్టాలి. రబ్బరు బ్యాండు వేయకూడదు, అందులోనూ గంధకం ఉంటుంది.

మెరుపు చూశాక అత్తయ్యకి గుర్తొచ్చింది: "మా మామగారు వాల్తేరు రైల్వేలో చేసేటప్పుడు దొరల బంగళా సామాను వేలంలో కొన్నారురా, ఒక పెట్టెడు."

మిగతా అటక వచ్చే ఆదివారం.