నార్పల తోటలో గీకి చూసిన చెట్లు

సంక్రాంతి సెలవులు ముగిసేలోపు నాయన వదిలి వెళ్లిన చీనీ (బత్తాయి) తోట సంగతి తేల్చుకోవాలని, హైదరాబాదు నుంచి రాత్రి రైల్లో అనంతపురం చేరి, తెల్లవారగానే నార్పల బస్సెక్కాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ జిల్లాలో గార్లదిన్నె, నార్పల, పుట్లూరు, యల్లనూరు ప్రాంతాల రైతులు బోర్లను నమ్ముకొనే చీనీ పెంచారు. ముదురాకుపచ్చ తోటల నడుమ నిలువునా ఎండిన చెట్లు కూడా బస్సు కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాయి.

మాది అర ఎకరం. 6 మీటర్ల ఎడంతో నాటిన 60 సాత్‌గుడి రకం చీనీ చెట్లకు 18 ఏళ్లు నిండాయి. బావి గట్టున రెండు బేనీషా మామిళ్లు వాటికంటే చాలా పెద్దవి. అన్నీ కొట్టించి కొత్తవి నాటించాలనే నిర్ణయంతోనే నేను వెళ్లాను. చిన్నాయన ఒప్పుకోలేదు. "పైన చూసి తీర్పు చెప్తే ఎట్లప్పా? చెట్టు మొదట్లో బెరడు గీకి చూడు" అని కత్తి చేతికిచ్చాడు.

ఆ రోజంతా మట్టి తవ్వి, బెరడు గీకడంతోనే గడిచింది. లోపల పచ్చగా ఉన్న చెట్లకు ఎండు పుల్లలు తీసి, కోసినచోట కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లతో చేసిన బోర్డో పేస్టు పూస్తే చాలు. గోధుమరంగుకు తిరిగి, జిగురు కారుతున్నవి 22 తేలాయి. కుళ్లు మొదట్లోనూ వేళ్లలోనూ ఉండగా పైకొమ్మలు కత్తిరించి ప్రయోజనం లేదు. ఇవి దాదాపు అన్నీ అంటు కట్టిన చోటు మట్టిలో మునిగిపోయినవే. వేసవిలో నీళ్లు నిలవాలని నాయన ఏటా మొదలు దాకా మట్టి ఎగదోసేవాడు. ప్రేమతో చేసిన పనే, చెట్టుకు అదే చేటు తెచ్చింది. మరో మూడింటిలో అంటు ఎప్పుడో చచ్చిపోయి, అంటుకు అడుగుమొక్కగా వాడిన జంబేరి నిమ్మ కొమ్మలే కిందినుంచి లేచి చెట్టయి కూర్చున్నాయి, వాటినే ఇన్నాళ్లూ చీనీ అనుకొని నీళ్లు పెట్టాం.

మామిడి సంగతి వేరు. ముసలి మామిడిని నేలనుంచి 3, 4 మీటర్ల ఎత్తున కోసినా చిగురిస్తుంది. బయటివైపు తిరిగిన నాలుగైదు చిగుళ్లను ఉంచితే మూడో ఏడాదికి మళ్లీ కాపుకొస్తుంది. రెంటినీ ఒకేసారి కోస్తే ఇంట్లో పిల్లలకు కాయలుండవు కాబట్టి ఈ ఏడు తూర్పు చెట్టునే కోయించాం.

తీసేసిన చెట్ల వేళ్లన్నీ తవ్వించి, గుంతలను ఎండకు వదిలాం. వానలు మొదలయ్యాక రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లను రైల్వే కోడూరు నర్సరీల నుంచి తెప్పిస్తామని చిన్నాయన చెప్పాడు, ఈసారి అంటు జానెడు పైకి ఉండాలని నేను రెండుసార్లు గుర్తుచేశాను.

ఒక్క చెట్టు దగ్గర మాత్రం ఇద్దరమూ తేల్చలేకపోయాం. పంపు గది పక్కది, అమ్మ నాటింది. మొదట్లో సగం గోధుమరంగు, కొమ్మల నిండా కాయలు. "ఈ కాపు కోసినాక చూద్దాం లే" అని చిన్నాయన దాని కాయలే ఒక సంచి నింపి బస్సు దగ్గరికి పంపించాడు.