అన్నభేది డ్రమ్ము మీద తెలుగు కాగితం

మా ఫ్యాక్టరీ గుంటూరు ఊరి బయట ఉంటుంది. ఫ్యాక్టరీ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. బిళ్లలు కొట్టే మిషన్లు రెండు, కోటింగ్ పాన్ ఒకటి, స్టోర్సు, చిన్న ల్యాబు, అంతే. ఐరన్ బిళ్లలే మా ప్రధాన సరుకు. బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక అక్కడ క్వాలిటీలో చేరాను.

పోయిన వానాకాలం ఆడిట్ దగ్గర పడుతుండగా మేనేజరు గారు పిలిచి, "డిస్పెన్సింగ్ రూములో ఉన్న ఎంఎస్‌డీఎస్‌ని తెలుగులో రాసెయ్యమ్మా, రెండు రోజులు చాలుగా" అన్నారు. ఏదైనా రసాయనంతో ఏం ప్రమాదం, ఎలా పట్టుకోవాలి, ఒలికితే ఏం చెయ్యాలి, ఇవన్నీ 16 భాగాలుగా రాసి ఉండే కాగితమది. మా దగ్గరున్నది డ్రైడ్ ఫెర్రస్ సల్ఫేట్‌ది. ఏడు పేజీల ఇంగ్లీషు, లామినేషన్ చేయించి తలుపు వెనక తగిలించారు. ఆ తలుపెప్పుడూ గోడకి ఆనించే ఉంటుంది కాబట్టి దాన్ని చదివినవాళ్లు లేరు. నేనూ చదవలేదు, నిజం చెప్పాలంటే.

రెండు రోజులన్న పని మూడు వారాలు పట్టింది.

మొదటిసారి డిక్షనరీ ముందు పెట్టుకుని రాశాను. "మింగినచో హానికరము. చర్మమునకు చికాకు కలిగించును. కంటికి తీవ్రమైన చికాకు కలిగించును." మధ్యాహ్నం భోజనాలయ్యాక మా వాళ్లకి చదివి వినిపించాను. స్టోర్సులో పదేళ్లుగా ఉన్న ఒకావిడని అందరూ ఏటుకూరు పిన్ని అంటారు. ఆవిడే ముందు నవ్వింది. "కంటికి చికాకేందమ్మాయ్? చికాకంటే మా ఆయనతో నాకుండేది" అంది. ఇంకొకామె, "మింగితే హాని అంటే ఎట్టా? కడుపుతో ఉన్నప్పుడు ఆశా అక్క దగ్గరుండి ఇదే మింగించింది కదా, ఆర్నెల్లు" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. గర్భిణులకు ఇచ్చే ఎర్ర బిళ్లలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. రక్తం పట్టడానికి ఇచ్చే మందుని విషమని చదివితే ఎవరు నమ్ముతారు?

నాకు తోచిన జవాబు లెక్క. మా బిళ్లలో పొడి 200 మిల్లీగ్రాములు. డ్రమ్ములో 25 కిలోలు. అంటే ఒక్క డ్రమ్ము లక్షా పాతిక వేల బిళ్లలు. "మీరు వేసుకున్నది బిళ్ల. ఇక్కడ స్కూపు పెట్టి తోడుతున్నది లక్ష బిళ్లల కుప్ప" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు గానీ, నమ్మినట్టూ కనపడలేదు.

అసలు దారి దొరికింది పేరు దగ్గర. ఫెర్రస్ సల్ఫేట్ అంటే తెలుగులో ఏంటని పిన్ని అడిగితే, అన్నభేది అన్నాను. "ఓర్నీ, అన్నభేదా!" అని లేచి కూర్చుంది. వాళ్లది వ్యవసాయ కుటుంబం. నారుమడిలో ఆకులు తెల్లగా పాలిపోతే లీటరు నీళ్లకి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టడం ఆవిడ చేతుల మీద జరిగిన పనే. అది లేత ఆకుపచ్చ పలుకులు. అందులో ఒక్కో అణువుకి ఏడు నీటి అణువులు పట్టి ఉంటాయి, ఇనుము నూటికి 20 పాళ్లే. మా దగ్గరికొచ్చేది ఆ నీళ్లు ఆరబెట్టేసిన బూడిదతెలుపు పొడి, ఇనుము 30 పైచిలుకు. పలుకు లేవదు, పొడి లేస్తుంది. తేడా అంతా అక్కడే ఉందని చెప్పాక పిన్నికి ఠక్కున అర్థమైంది. పనిలో పనిగా, నేల మీద ఊడ్చిన పొడిని మల్లెచెట్టుకి వేసుకుంటానని కూడా అడిగింది. కుదరదన్నాను. ఆ ఊడుపులో ఇంకేమేం కలిసి ఉంటాయో తెలీదు, పైగా వృథా పొడికి కూడా రిజిస్టరుంటుంది. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మా వాళ్లలో చాలామంది మిర్చి యార్డు పనికి వెళ్లొచ్చినవాళ్లే. కాయలు పట్టిన చేత్తో కళ్లు తుడుచుకోకూడదని వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు, మిరపకాయే నేర్పుతుంది. ఈ పొడికి ఆ ఘాటు లేదు. ముక్కులోకి పోయినా ఒక తుమ్ము, నాలుక మీద తుప్పు రుచి, అంతే. అందుకే అలుసు. గాలిలో ఎంత ఉండొచ్చో చూస్తే, రోజంతా పనిచేసేవాళ్లకు సగటున ఘనపు మీటరుకు ఇనుము లెక్కన ఒక మిల్లీగ్రాము. మా రూము పదడుగుల పొడుగు, వెడల్పు, ఎత్తు. లెక్కేస్తే రూము మొత్తంలో అర బిళ్లంత పొడి తేలుతుంటే చాలు, హద్దుకి చేరినట్టే. మేమేమో చీపురుతో పొడిపొడిగా ఊడుస్తున్నాం! చీపురు ఆ రోజే బయటికి పోయింది. వాక్యూమ్ క్లీనర్ కావాలని పెట్టిన ఇండెంటు మీద సంతకానికి మాత్రం పన్నెండు రోజులు పట్టింది.

ఈలోగా నేనే పాఠమయ్యాను. ఆగస్టులో ఒక రోజు ముసురు. శాంపిల్ తీస్తుంటే కళ్లద్దాలకి ఆవిరి పట్టింది, నుదుటి మీదికి తోసి, దురదగా ఉందని గ్లౌజు చేత్తోనే కన్ను నలిపాను. ఒక్క క్షణం ఏం లేదు. తర్వాత ఇసుక పోసినట్టు మంట. పిన్ని నా మెడ పట్టుకుని కుళాయి కింద వంచింది. పావుగంట కడగాలని రాసింది నేనే, ఐదు నిమిషాలకే చాలనిపించింది. ఆవిడ వదల్లేదు. సాయంత్రానికి కన్ను ఎర్రగా ఉంది గానీ, డాక్టరు గారు చుక్కలిచ్చి భయం లేదన్నారు. మర్నాడు కుళాయికి ఎదురుగా గోడ గడియారం పెట్టించాను. కళ్లు మండుతున్నవాళ్లకి కాదు, తల పట్టుకున్నవాళ్లకి కనపడాలని.

ఆ హడావుడిలో చున్నీకి అంటిన పొడిని రాత్రి చూసుకుని బ్లీచింగ్ వేసి నానబెట్టాను. పొద్దున్నకి కాఫీరంగు మరక తేలింది. ఫెర్రస్ ఇనుముకి బ్లీచింగ్ తగిలితే తుప్పే అవుతుందని పరీక్షల్లో రాసిన మనిషిని నేను! పిన్ని నిమ్మచెక్క, ఉప్పు పెట్టి రుద్ది ఎండలో వేస్తే చాలావరకు పోయింది. దీనివల్ల కాగితంలోకి ఒక మంచి ముక్క వచ్చింది: బ్లీచింగ్ డబ్బా, పెరాక్సైడ్ డబ్బా ఈ డ్రమ్ముల పక్కన పెట్టొద్దు. పెరాక్సైడ్ కలిస్తే వేడెక్కి పొంగుతుంది. మరక మాట అటుంచి, బ్లీచింగ్ కలిస్తే ఊపిరాడనివ్వని క్లోరిన్ రావచ్చు. డ్రమ్ము లోపలి కవరు మూతి బిగించకపోతే చెమ్మ తగిలి పొడి పసుపు తిరుగుతుంది, తర్వాత గోధుమరంగు. అలాంటి పొడి బిళ్లకి పనికిరాదు.

టీ గ్లాసుల సంగతి ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్లు కాదు, రూము గుమ్మం దాకా తెచ్చేవాళ్లు. ఒక రోజు ల్యాబులో పాలు లేని టీ పోయించి, చిటికెడు పొడి వేశాను. చూస్తుండగానే సిరాలా నల్లబడింది. టీలోని వగరుకీ ఇనుముకీ పడే ముడి అది. పెడన కలంకారీలో నలుపు వచ్చేదీ కరక్కాయ వగరుకి ఇనుప నీళ్లు తగిలే. "అందుకే బిళ్ల వేసుకుని టీ తాగొద్దనేది, ఇనుము ఒంటికి పట్టదు" అన్నాను. గ్లాసులు ఆ రోజుతో మాయం.

చివరి కాగితం ఒకే పేజీకి వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో "అన్నభేది పొడి". మేనేజరు గారు ఆడిటర్ ఏమంటాడోనని నసిగితే, కింద ఫెర్రస్ సల్ఫేట్ అనీ రాశాను. "చికాకు" తీసేసి "మంట" పెట్టాను. ఆడిటర్ ఏమీ అనలేదు, ఫొటో తీసుకుని వెళ్లాడు.

అది అతికించిన సాయంత్రం పిన్ని ఒక జిరాక్స్ కావాలంది. ఇంట్లో రెండేళ్ల మనవడు, మళ్లీ కడుపుతో ఉన్న కోడలు. ఆమె బిళ్లలు టీవీ కింద గూట్లో, డబ్బాలో ఉంటాయట. కాగితం ఇచ్చే ముందు కూర్చోబెట్టి లెక్క చెప్పాను. పిల్లాడు పది కిలోలు. కిలో బరువుకి 20 మిల్లీగ్రాముల ఇనుము దాటితే వాంతులు, కడుపునొప్పి మొదలవుతాయి. 60 దాటితే ప్రాణం మీదికే. అంటే బిళ్లకి 60 మిల్లీగ్రాముల లెక్కన మూడో నాలుగో మింగితే ఆసుపత్రి, పది మింగితే ఐసీయూ. పైకి ఎర్రగా, నున్నగా, పప్పరమెంటులా ఉంటాయి మరి. అమెరికాలో ఐరన్ మందుల డబ్బాల మీద పిల్లల గురించి హెచ్చరిక రాయాలని 1997లోనే నిబంధన పెట్టారు. వాంతులు తగ్గి పిల్లాడు తేరుకున్నట్టు కనపడితే నమ్మొద్దన్నాను, కొన్ని గంటలు బాగున్నట్టే ఉండి ఆ తర్వాత లివరు దెబ్బతినొచ్చు. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. బొగ్గుపొడి మందు ఇనుముని పట్టుకోదు. విరుగుడు ఇంజెక్షన్ ఉంది, డెస్‌ఫెరాక్సమిన్, అది ఆసుపత్రిలోనే ఇవ్వాలి. 108కి ఫోను చేసి, ఖాళీ స్ట్రిప్పు కూడా చేత పట్టుకుని వెళ్లాలి, ఎన్ని మింగాడో వాళ్లు లెక్కకట్టేది దాన్నిబట్టే.

పిన్ని ఏమీ మాట్లాడకుండా కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు వచ్చి, బిళ్లలు బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం మొలతాడుకి కట్టుకున్నానంది. ఇప్పుడు కోడలు రోజూ రాత్రి బిళ్ల కోసం అత్తగారిని తాళం అడగాల్సి వస్తోందట. "ఇన్నాళ్లూ సగం రోజులు మర్చిపోయేది" అంది పిన్ని, "ఇప్పుడు నేనే లేపి మరీ ఇస్తున్నా."