మోటారు కంట్రోలర్ పాత మెమరీని చెరిపి కొత్త ప్రోగ్రాం ఎక్కించడం: నా అనుభవం

మా ఇంట్లో సంపు నుంచి పైట్యాంకుకు నీళ్లు ఎక్కించే మోటారును వేళకు నడిపే బోర్డు పాడైపోవడంతో, దాని స్థానంలో మా బావగారింట్లో వరండా దీపానికి వాడి పక్కన పెట్టేసిన పాత రకం సోనాఫ్ బేసిక్ (వైఫైతో పనిచేసే స్విచ్) బోర్డును పెట్టాలనుకున్నాను. ఈఎస్‌పీ8266 చిప్పు, ఒక మెగాబైటు ఫ్లాష్ మెమరీ, ఒకే ఒక రిలే (చిప్పు చెప్పినట్టు కరెంటును కలిపి విడదీసే స్విచ్) ఉన్న చిన్న బోర్డు అది. ఆ రిలే మోటారు కరెంటును మోయలేదు కనుక, అది కాంటాక్టర్ (పెద్ద కరెంటును మోసే స్విచ్) కాయిల్‌కు మాత్రమే కరెంటు ఇస్తుంది. మోటారు భారమంతా కాంటాక్టర్ మీదే పడుతుంది. బోర్డులో దాన్ని నడిపే ప్రోగ్రాం, అంటే టాస్మోటా ఫర్మ్‌వేర్ ముందే ఉంది గానీ అది చాలా పాత వెర్షన్. దానితోపాటు సూర్యాస్తమయానికి దీపం వెలిగించే టైమరు, అర్ధరాత్రి దాటాక ఆర్పే టైమరు, ఎవరు ఎప్పుడు రాశారో తెలియని రెండు మూడు రూల్సు (ఫలానాది జరిగితే ఫలానాది చెయ్యి అనే ఆదేశాలు) కూడా అందులో ఉన్నాయి.

కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే పాతవన్నీ వాటంతటవే పోతాయని చాలామంది అనుకుంటారు. కానీ అలా జరగదు. ఫ్లాష్ మెమరీ నాలుగేసి కిలోబైట్ల సెక్టార్లుగా ఉంటుంది. కొత్త ఫైలును రాసే పనిముట్టు ఆ ఫైలు పట్టే సెక్టార్లను మాత్రమే చెరిపి రాస్తుంది. టాస్మోటా తన సెట్టింగులను మెమరీ చివరి భాగంలో దాచుకుంటుంది కనుక ప్రోగ్రాం మారినా వాటి జోలికి ఎవరూ పోరు. కొత్త ప్రోగ్రాం మొదలవగానే అక్కడికి వెళ్లి, పాత టైమర్లను తనవే అన్నట్టు చదువుకుంటుంది. అదే పనికి వెర్షన్ మాత్రం మార్చుకునేవారికి ఇది పెద్ద సౌకర్యం. బోర్డు చేసే పనే మారినప్పుడు మాత్రం ప్రమాదం. సాయంత్రం వేళ వరండాలో దీపం దానంతటదే వెలిగితే ముచ్చటగా ఉంటుంది; అదే వేళకు, సంపులో నీళ్లు లేని రోజున, మోటారు ఉత్తినే తిరిగితే సీలు కాలిపోతుంది.

టాస్మోటాలో ఆదేశాలు టైపు చేసే పేజీ అయిన కన్సోల్‌లోనే చెరిపే ఆదేశాలు ఉన్నాయి. రీసెట్ 1 సెట్టింగులను తొలిస్థితికి తెస్తుంది, రీసెట్ 2 ఆ ఫ్లాష్ భాగాన్ని కూడా చెరుపుతుంది, రీసెట్ 5 వైఫై వివరాలను మాత్రం ఉంచి మిగతావి తీసేస్తుంది. గోడకు బిగించి ఉన్న బోర్డయితే నేను రీసెట్ 5తోనే సరిపెట్టుకునేవాణ్ని. ఇక్కడ వెర్షన్ మరీ పాతది. వైఫై ద్వారా ఎక్కించాలంటే మెట్టుమెట్టుగా కొన్ని మధ్య వెర్షన్లను దాటుకుంటూ రావాలి. ఎలాగూ బోర్డు బల్ల మీదే ఉంది కనుక, కంప్యూటరుకు తగిలించి, ఈ చిప్పులను చదివి రాసే పనిముట్టు ఈఎస్‌పీటూల్‌తో మెమరీని మొత్తంగా చెరపడమే మేలనిపించింది.

చెరిపే ముందు రెండు రకాల నకళ్లు తీసుకున్నాను. ఒకటి టాస్మోటా పేజీ నుంచి వచ్చే కాన్ఫిగరేషన్ ఫైలు, రెండవది ఈఎస్‌పీటూల్‌తో చదివిన పూర్తి మెగాబైటు. మొదటిది కేవలం చూసుకోవడానికే. దాన్ని తిరిగి ఎక్కిస్తే చెరిపిన టైమర్లు కూడా దానితోపాటే తిరిగొస్తాయి. వాటికంటే ఎక్కువగా నాకు ఉపయోగపడింది, పాడైన బోర్డు సెట్టింగులను ఎప్పుడో రాసి పెట్టుకున్న నోటుపుస్తకంలోని ఒక పేజీ.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఈ బోర్డులో 230 వోల్టుల వైపుకూ చిప్పు వైపుకూ మధ్య నమ్మదగిన వేర్పాటు లేదు. కంప్యూటరుకు తగిలించి ఉన్నంతసేపు బోర్డును కరెంటు ప్లగ్గుకు పూర్తిగా దూరంగా ఉంచాలి. స్విచ్ ఆపి ఉంచితే చాలదు. బోర్డును కంప్యూటరు యూఎస్‌బీకి కలిపే సీరియల్ అడాప్టర్‌ను 5 వోల్టుల నుంచి 3.3 వోల్టులకు మార్చి, అటు పంపే పిన్నును ఇటు అందుకునే పిన్నుకూ ఇటుది అటుకూ కలిపి, బోర్డు మీది బటన్‌ను నొక్కి పట్టుకునే అడాప్టర్‌ను యూఎస్‌బీలో పెట్టాను. బటన్ నొక్కకపోతే చిప్పు పాత ప్రోగ్రాంనే మొదలుపెడుతుంది, ఈఎస్‌పీటూల్ ఎంత పిలిచినా పలకదు. చెరపడం కొన్ని సెకన్లలో ముగిసింది. ఆ తరువాత ప్రతి ఆదేశానికీ అడాప్టర్‌ను తీసి, మళ్లీ బటన్ నొక్కి పెట్టడం తప్పలేదు.

రాసే ముందు, మెమరీ చివరి భాగాన్ని మళ్లీ చదివి మెమరీలోని అంకెలను ఉన్నవున్నట్టు చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూశాను. చెరిపిన ఫ్లాష్‌లో ప్రతి బిట్టూ ఒకటిగా మారుతుంది కనుక తెర నిండా వరుసగా ఎఫ్ఎఫ్‌లే కనిపించాలి, అలాగే కనిపించాయి. అంతకుముందు తీసిన నకలులో అదే చోట బావగారి వైఫై పేరు స్పష్టంగా చదవగలిగేలా ఉంది. పాత బోర్డులను ఇతరులకు ఇచ్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. ఆ తరువాత కొత్త ఫైలును సున్నా చిరునామా నుంచి రాశాను. రాసినదీ ఫైలులో ఉన్నదీ సరిపోలినట్టు ఈఎస్‌పీటూల్ చెప్పింది.

అసలు పని ఆ తరువాతే మొదలైంది. మెమరీని చెరిపితే పనికిరానివే కాదు, రక్షణ కోసం పెట్టుకున్న హద్దులు కూడా పోతాయి. బోర్డు తానే ఇచ్చిన వైఫైకి ఫోన్‌ను కలిపి, 192.168.4.1 పేజీలో మా ఇంటి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై వివరాలు ఇచ్చాక, ఒక్కొక్కటే సరిచేసుకుంటూ వచ్చాను. గడియారం యూరప్ సమయాన్ని చూపిస్తోంది; టైమ్‌జోన్‌ను +5:30కి మార్చకపోతే తెల్లవారుజామున తిరగాల్సిన మోటారు ఎండెక్కాక తిరుగుతుంది. అక్షాంశ రేఖాంశాలు పారిస్‌లోని ఈఫిల్ టవర్‌వి. నాకు సూర్యాస్తమయ టైమరుతో పనిలేదు గానీ, దీపాలకు వాడేవారు మార్చుకోకపోతే వాళ్ల వరండాలో పారిస్ పొద్దును బట్టి దీపం వెలుగుతుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు రిలే ఏ స్థితిలో ఉండాలో చెప్పే సెట్టింగు మామూలుగా 3, అంటే పోయే ముందున్న స్థితే. మోటారుకు అది పనికిరాదు. సున్నా చేసి, కరెంటు వచ్చాక ఎప్పుడూ ఆగే ఉండేలా మార్చాను. అన్నిటికంటే ముఖ్యమైనది, ఆన్ అయిన రిలే ఎంతసేపటికి తానే ఆగాలో చెప్పే పల్స్‌టైమ్. చెరిపాక అది సున్నా, అంటే ఆపేవారు లేకపోతే మోటారు తిరుగుతూనే ఉంటుంది. మా ట్యాంకు నిండడానికి 20 నిమిషాలు చాలు, కాబట్టి 1200 సెకన్లకు 100 కలిపి 1300 అని ఇచ్చాను. 20 అని రాస్తే 20 నిమిషాలు కాదు, 2 సెకన్లే. 111 దాకా ఉన్న అంకెలను అది సెకనులో పదో వంతులుగా లెక్కిస్తుంది, అంతకు మించితే 100 తీసేసి మిగిలినదాన్ని సెకన్లుగా లెక్కిస్తుంది.

తరువాత బోర్డును పెట్టెలో బిగించి, కాంటాక్టర్ బదులు బల్బు తగిలించి, అప్పుడు మాత్రమే కరెంటు ఇచ్చాను. పరికరాల మధ్య సందేశాలు చేరవేసే ఎంక్యూటీటీ బ్రోకర్‌కు కలిసిన మరుక్షణం బల్బు వెలిగింది. మెమరీ ఖాళీ, టైమర్లు లేవు, రూల్సు లేవు. కన్సోల్ తెరిచి చూస్తే ఆన్ చేయమనే ఆదేశం బ్రోకర్ నుంచి వచ్చినట్టు ఉంది. పాడైపోయిన బోర్డు పేరునే దీనికీ ఇచ్చాను. ఆ పేరు మీద ఎప్పుడో ఒక ఫోన్ యాప్ నుంచి రిటైన్ (దాచి ఉంచు) గుర్తుతో వెళ్లిన ఆదేశాన్ని బ్రోకర్ భద్రంగా దాచుకుని, ఆ పేరుతో ఎవరు వచ్చినా అందిస్తోంది. అదే సందేశ చిరునామాకు, అంటే టాపిక్‌కు రిటైన్ గుర్తుతోనే ఖాళీ సందేశాన్ని పంపితే అది తొలగిపోతుంది. యాప్‌లో ఆ గుర్తును కూడా తీసేశాను.

ఆ తరువాత వరుసగా కరెంటు తీసి ఇచ్చి చూశాను, బల్బు ఆరే ఉంది. చేత్తో ఆన్ చేసి గడియారం చూస్తూ కూర్చుంటే సరిగ్గా 20 నిమిషాలకు ఆరింది. అప్పుడు బల్బు తీసి కాంటాక్టర్ కాయిల్ తీగలు కలిపి, ఉదయం 5:30 టైమరు ఒక్కటి పెట్టి, కొత్త కాన్ఫిగరేషన్ ఫైలును తేదీ వేసి దాచుకున్నాను.