పిల్లల చేతికి ఏ వెబ్ పేజీ ఎడిటర్ ఇవ్వాలి: ఆదివారం క్లాసు లాగ్

విశాఖపట్నం పెదవాల్తేరులో మా కాలనీ రీడింగ్ రూమ్ ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటుంది. ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే పిల్లల్ని కూర్చోబెట్టి అక్కడ వెబ్ పేజీలు చేయిస్తున్నాను. జీతం లేదు, ఫీజు లేదు, నాకిదో సరదా. ఇలాంటిదే మొదలుపెట్టాలనుకునేవాళ్లకి పనికొస్తుందని, ఏ ఎడిటర్ నిలిచింది, ఏది ఎందుకు పక్కకెళ్లింది అన్నది రాసి పెడుతున్నాను.

మే: సరంజామా, షరతులు

రుషికొండ ఐటీ ఆఫీసుల్లో మూలన పడేసిన పాత లాప్‌టాప్‌లు ఒక మిత్రుడు ఇప్పించాడు. 4 జీబీ ర్యామ్, విండోస్ 10. ఇక్కడికొచ్చాక ఉప్పు గాలి తన పని తాను చేసింది: యూఎస్‌బీ పోర్టుల్లో సగం తుప్పు పట్టాయి. ఇంటర్నెట్ అంటే నా ఫోన్ హాట్‌స్పాటే.

కాబట్టి నెట్ లేకపోయినా నడిచే ఎడిటర్ కావాలి. ఎవరూ ఎక్కడా ఖాతా తెరవాల్సిన పని ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, కంటికి కనిపించే పేజీ వెనక ఉన్న కోడ్, అంటే హెచ్‌టీఎంఎల్ ఒక్క నొక్కుతో బయటపడాలి, ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో పిల్లాడితో పాటు ఇంటికెళ్లాలి. ఈ చివరి షరతు దగ్గర నేను రాజీపడను. కోడ్ చూపించని ఎడిటర్‌తో పోస్టర్లు చేయడం వస్తుంది, వెబ్ పేజీ చేయడం రాదు.

అలాగైతే నోట్‌ప్యాడ్‌లో నేరుగా కోడే రాయించొచ్చు కదా అని మా ఇంట్లోనే అడిగారు. పెద్దవాళ్లకైతే సరే. ఏడో తరగతి పిల్లకి ఒక బ్రాకెట్ మూయడం మర్చిపోతే పేజీ సగం మాయమవుతుంది, ఆ రోజుకి ఉత్సాహం కూడా దాంతోపాటే పోతుంది. పైగా విజువల్‌గా దిద్దుకోవడం ఏమీ దొడ్డిదారి కాదు. 1990లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ నెక్స్ట్ అనే కంప్యూటర్ మీద తయారుచేసిన మొట్టమొదటి బ్రౌజర్‌లోనే పేజీ చదవడం, దిద్దడం రెండూ ఉండేవి. ఆ రెండూ వేరుపడింది తర్వాతే.

జూన్: పక్కకెళ్లినవి

గూగుల్ సైట్స్ అందరూ చెప్పేదే. వాడటం నిజంగా తేలిక, పది నిమిషాల్లో చూడముచ్చటైన పేజీ వస్తుంది. కానీ పేజీ తాలూకు హెచ్‌టీఎంఎల్ దిద్దడానికి దారి లేదు. బయటి కోడ్ ముక్క ఏదైనా అతికించుకోవచ్చు, అంతే. పైగా ఖాతా కావాలి. 13 ఏళ్లు నిండని పిల్లలకైతే పెద్దవాళ్లు, పిల్లల ఖాతాలు చూసుకునే గూగుల్ యాప్ ఫ్యామిలీ లింక్‌లో తెరిచివ్వాలి. మన 2023 డేటా రక్షణ చట్టం లెక్కలో 18 లోపు అందరూ పిల్లలే, వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఈ తతంగమంతా ఒక రీడింగ్ రూమ్‌కి ఎందుకనిపించింది. స్కూల్లోనే గూగుల్ ఖాతాలు ఇచ్చి ఉంటే మాత్రం, నలుగురూ కలిసి ఒకే సైట్ మీద పనిచేయడానికి ఇది మంచిదే.

మోబిరైజ్ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, లాగి పెట్టే బ్లాకులు బాగుంటాయి. కోడ్ దిద్దే సదుపాయం మాత్రం విడిగా కొనుక్కోవాలి. అది తయారుచేసిన ఫైలు తెరిస్తే, పేజీ ముక్కల్ని చుట్టే పెట్టెలే (డివ్‌లు): డివ్‌లో డివ్, దానిలో ఇంకో డివ్. ఒక్క వాక్యం ఎక్కడుందో వెతకడానికి నాకే ఓపిక చాలలేదు.

వర్డ్‌లో రాసి వెబ్ పేజీగా సేవ్ చేయడం గురించి చెప్పను. ఒకసారి చేసి సోర్స్ (వెనకున్న కోడ్) చూడండి, మీకే తెలుస్తుంది.

కొంపోజర్ అనే ఎడిటర్ పేరు పాత పుస్తకాల్లో ఇంకా కనిపిస్తుంది. 2010 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. మొజిల్లా వాళ్ల థింబుల్ పిల్లల కోసమే పుట్టిన చక్కటి ఎడిటర్, అది 2019 చివర మూసేశారు. ఆ ప్రాజెక్టుల్ని ఇంకో ఆన్‌లైన్ ఎడిటర్ గ్లిచ్‌కి తరలించారు, ఆ గ్లిచ్ కూడా 2025 జూలైలో హోస్టింగ్ (పేజీల్ని నెట్‌లో ఉంచడం) ఆపేసింది. ఆన్‌లైన్ ఎడిటర్ మీదే పిల్లల పని మొత్తం పెట్టకూడదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

నిలిచింది: సీమంకీ కంపోజర్

ఇది విని కంప్యూటర్ తెలిసిన వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. సీమంకీ ఒక బ్రౌజర్, దాంట్లోనే కంపోజర్ అని ఎడిటర్ ఉంది. ఉచితం, 4 జీబీ ర్యామ్‌లో హాయిగా నడుస్తుంది. కంట్రోల్ పట్టుకుని 4 నొక్కితే తెరుచుకుంటుంది. ఇది రాసేది పాతబడిపోయిన హెచ్‌టీఎంఎల్ 4.01 కాలం నాటి కోడ్, ఆ మాట ముందే చెప్పాలి. కానీ అడుగున నాలుగు ట్యాబులున్నాయి: మామూలు పేజీ, ట్యాగులతో పేజీ, సోర్స్, ప్రివ్యూ. నేను ఎడిటర్ ఎంచుకుంది ఈ రెండో ట్యాబు కోసమే. రాసిన వాక్యాల మధ్యలో పసుపురంగు గుర్తులుగా ట్యాగులు, అంటే ఏ ముక్క ఏమిటో బ్రౌజర్‌కి చెప్పే కోడ్ మాటలు, కనపడతాయి. కోడ్ ఇంకా చూపించకుండానే, ఇది హెడింగ్, ఇది పేరా, ఇది లింకు అని పిల్లలే వేలుపెట్టి చూపిస్తున్నారు.

మొదటి రోజే మార్చాల్సిన సెట్టింగులు రెండున్నాయి. ఒకటి, బోల్డ్, ఇటాలిక్ లాంటివాటికి ట్యాగుల బదులు సీఎస్ఎస్ (పేజీ రూపురేఖలు చెప్పే భాష) స్టైల్ రాసే ఆప్షన్ తీసేయండి. అప్పుడు సోర్స్‌లో చిన్న ట్యాగు ఒక్కటే కనపడుతుంది. రెండోది, పేరాలో ఎంటర్ కొడితే కొత్త పేరా రావాలని టిక్ పెట్టండి. లేకపోతే లైను మాత్రమే మార్చే బ్రేక్ ట్యాగులు వరసగా పడిపోతాయి, ఆ అలవాటు తర్వాత మాన్పించలేం.

బొమ్మలు పెట్టే ముందు పేజీ సేవ్ చేయించడం తప్పనిసరి. సేవ్ చేయని పేజీలో బొమ్మ పెడితే దాని చిరునామా సీ డ్రైవ్‌తో మొదలయ్యే పొడుగాటి దారిగా పడుతుంది. ఈ కంప్యూటర్‌లో కనిపిస్తుంది, పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్తే ఖాళీ డబ్బా. సేవ్ చేశాక అదే పెట్టెలో, పేజీ ఉన్నచోటును బట్టి చిరునామా రాయమనే టిక్ పనిచేస్తుంది.

ఫైలు పేర్లు అన్నీ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా. విండోస్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పట్టించుకోరు. లైనక్స్ మీద నడిచే సర్వర్లు (నెట్‌లో పేజీలు అందించే కంప్యూటర్లు) పట్టించుకుంటాయి. ఇక ఫోటోలు: ఫోన్ ఫోటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది. ఎడిటర్‌లో మూల పట్టుకుని చిన్నది చేస్తే కనపడే సైజే తగ్గుతుంది, ఫైలు తగ్గదు. పెయింట్‌లో వెడల్పు 800 పిక్సెళ్లకి తగ్గించి, అప్పుడు పెట్టిస్తున్నాను.

తెలుగు దగ్గర వచ్చిన చిక్కు

ఎర్రమట్టి దిబ్బల గురించి పేజీ చేస్తున్న అమ్మాయి సోర్స్ ట్యాబు నొక్కి కేకేసింది: "మాస్టారూ, ఇదేటి ఇలాగొచ్చీసింది? నేను తెలుగులోనే కొట్టేనండీ!" విశాఖ అని తను కొట్టిన చోట 3125, 3135, 3126, 3134, 3094 అని అంకెలున్నాయి, ఒక్కోదాని ముందు ఆంపర్‌శాండ్ (&), హాష్ (#). పేజీ ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని ఫైల్లో దాచే పద్ధతి, యూటీఎఫ్-8 కాకపోవడం వల్ల యూనికోడ్ పట్టికలో ప్రతి గుర్తుకీ ఉన్న అంకె రాసింది ఎడిటర్. ఫైల్ మెనూలో ఎన్‌కోడింగ్ మార్చి సేవ్ చేసే ఆప్షన్‌లో యూటీఎఫ్-8 ఎంచితే అక్షరాలు అక్షరాలుగానే వస్తాయి.

కానీ మార్చేముందు ఆ అంకెల మీద చాలాసేపు ఉండిపోయాం. మూడక్షరాల మాటకి అంకెలు ఐదెందుకు? వ ఒకటి, దాని గుడి ఒకటి, శ ఒకటి, దీర్ఘం ఒకటి, ఖ ఒకటి. ఇది అర్థమయ్యాక అందరూ తమ పేర్లలో ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టుకున్నారు. ఒత్తులున్న పేర్ల వాళ్లకి పొల్లు గుర్తు కూడా కలిసి ఇంకా ఎక్కువ వచ్చాయి, దానికి వాళ్ల గర్వం వేరే.

డీటీపీ షాపులో టైప్ చేయించిన మేటర్ తెచ్చి అతికిస్తే మాత్రం ఏ ఎన్‌కోడింగూ కాపాడదు. అను ఫాంట్లలో కొట్టినదైతే అది యూనికోడ్ కాదు, పేజీలో ఇంగ్లిష్ గుర్తుల గందరగోళం కనపడుతుంది. కన్వర్టర్‌లో మార్చి, ఒకసారి చదివి దిద్దుకోవాలి. పిల్లలు చాలామంది ఫోన్‌లో జీబోర్డుతో కొట్టి, ఆ మేటర్ కంప్యూటర్‌కి పంపించుకుంటున్నారు. దాని మీద నాకేం అభ్యంతరం లేదు.

ఫాంట్లలో మండలి చదవడానికి బాగుంది, హెడింగులకి రామభద్ర. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, ముందే దించి ఉంచుకున్నాను. లైన్ల మధ్య ఎడం ఇంగ్లిష్‌కి పెట్టినంతే పెడితే పై లైను ఒత్తులు, కింది లైను గుడులు గుద్దుకుంటాయి. నేను అక్షరం సైజుకి 1.7 రెట్లు పెట్టిస్తున్నాను. తెలుగుని ఇటాలిక్ చేయొద్దని కూడా చెప్పాను. వినరు.

జూలై: ఫోన్‌లో చూసేసరికి

ఇంట్లోవాళ్లు చూడాలంటే ఫోన్‌లోనే చూస్తారు. పేజీలు ఇంటర్నెట్‌లో పెట్టట్లేదు, పిల్లల పేర్లూ ఫోటోలూ ఉంటాయి కాబట్టి. లాప్‌టాప్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంటే పేజీలున్న ఫోల్డర్‌లో నిలబడి దాని హెచ్‌టీటీపీ సర్వర్ మాడ్యూల్‌ని 8000 నంబరు నెట్‌వర్క్ పోర్టు మీద నడిపితే చాలు. అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో లాప్‌టాప్ ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాని అంకెల చిరునామా), కోలన్, 8000 కొడితే పేజీ వస్తుంది. మొదటిసారి విండోస్ ఫైర్‌వాల్ అడుగుతుంది, ప్రైవేట్ నెట్‌వర్క్‌కి అనుమతి ఇస్తే సరిపోతుంది.

పేజీ వచ్చింది గానీ అక్షరాలు చీమల్లా వచ్చాయి. తెర వెడల్పుకి తగ్గట్టు పేజీ చూపించమని ఫోన్‌కి చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగు కంపోజర్ రాయదు, దానిది స్మార్ట్‌ఫోన్లు రాకముందు పద్ధతి. సోర్స్ ట్యాబులో హెడ్ భాగంలో (పేజీ మీద కనపడని పై భాగం) ఆ ఒక్క లైను చేర్పించాను. పిల్లలు స్వయంగా కోడ్ చేత్తో రాసిన మొదటి సందర్భం అదే, అవసరం వచ్చి రాశారు కాబట్టి ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ లైను రాసినవాళ్లలో ఇద్దరు ముగ్గురికి కంపోజర్ ఇప్పుడు చిన్నదైపోయింది. వాళ్లకి ఫీనిక్స్ కోడ్ అనే ఎడిటర్ పెట్టాను. అడోబీ 2021 సెప్టెంబర్‌లో వదిలేసిన బ్రాకెట్స్ అనే ఎడిటర్‌కి ఇది కొనసాగింపు. ఎడమ పక్క కోడ్, కుడి పక్క పేజీ. పేజీలో ఒక పేరా మీద నొక్కితే కోడ్‌లో ఆ లైను దగ్గరికి తీసుకెళ్తుంది, కోడ్ మారిస్తే పేజీ అక్కడికక్కడే మారుతుంది. బ్రౌజర్‌లో కూడా నడుస్తుంది గానీ మాకు కంప్యూటర్‌లో వేసుకునేదే నయం. పాత లాప్‌టాప్‌లు కొంచెం మూలుగుతాయి, పక్కన క్రోమ్ తెరవకపోతే నెట్టుకొస్తాయి. కొత్తగా చేరినవాళ్లకి దీన్ని ముందే ఇవ్వను. ట్యాగు అంటే ఏమిటో పసుపు గుర్తుల్లో చూశాక ఇస్తే, కోడ్ చూసి బెదరరు.

ఫిషింగ్ హార్బర్ దగ్గర ఉండే కుర్రాడి పేజీలో ఒక పెద్ద టేబుల్ ఉంది. చందువ, వంజరం, రొయ్యలు అని వరసలు, ఏ నెలలో ఏది ఎక్కువ పడుతుందో నిలువు గడులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం అని ఎర్ర రంగు వేసిన 61 రోజుల గడి. లెక్కలన్నీ వాళ్ల నాన్నని అడిగి తెచ్చుకున్నాడు. కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా ఉంది, ఫోన్‌లో కుడివైపు సగం తెర బయటికి పోతోంది. టేబుల్‌ని ఒక డివ్‌లో పెట్టి, అది మాత్రమే పక్కకి జరిగేలా ఓవర్‌ఫ్లో అనే సీఎస్ఎస్ సెట్టింగ్ ఇవ్వాలి. అది వాడు ఫీనిక్స్‌లో చేస్తానంటున్నాడు. వచ్చే ఆదివారం ముందు ఆ పని, తర్వాత ఎర్రమట్టి దిబ్బల పేజీకి ఆల్ట్ టెక్స్ట్‌లు (బొమ్మ కనపడనివాళ్లకి దాన్ని వివరించే మాటలు).