రాత్రి తొమ్మిదింటి మనిషి

నేను బూట్ల లేసులు కట్టుకుంటుంటే మా పాప అడిగింది, "నాన్నా, వంగినప్పుడల్లా ఎందుకు మూలుగుతావు?" అని. మూలుగుతున్నానన్న సంగతి నాకే తెలీదు. మర్నాడు గమనించుకున్నాను. కుర్చీలో కూర్చుని, పొట్టని కాస్త పక్కకి సర్దుకుని, ఊపిరి బిగబట్టి ఒక కాలి లేసు కట్టి, పైకి లేచి గాలి పీల్చుకుని, మళ్ళీ రెండో కాలికి వంగుతున్నాను. మధ్యలో వచ్చే ఆ చప్పుడే పాపకి వినిపించింది.

అప్పటికి నా బరువు 86 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు. ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ లెక్క కడితే 30.5 వచ్చింది. 30 దాటితే స్థూలకాయం కిందే లెక్క. అంతకు ఏడాది ముందే డాక్టర్‌గారు "తగ్గాలండీ" అంటే బుద్ధిగా తలూపి వచ్చేశాను. ఆయన మాట తలకి ఎక్కలేదు గానీ పాప ప్రశ్న మాత్రం రోజంతా చెవిలో జోరీగలా తిరిగింది.

అంతకు ముందు ప్రయత్నించలేదని కాదు. ఆరంభశూరత్వంలో నన్ను మించినవాడు లేడు. జిమ్‌కి ఏడాది డబ్బులు ఒక్కసారే కట్టి పదకొండు రోజులు వెళ్ళాను. ఐదింటికి అలారం పెట్టుకుని, కళ్ళు తెరవకుండానే దాన్ని ఆపడం నేర్చుకున్నాను. రాత్రిపూట తినడం మానేశానని ఇంట్లో ప్రకటించి, అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వేయకుండా డబ్బాలు తడిమాను. ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగా ఉండేది: "టైమెక్కడిదండీ, ఆఫీసుకే సరిపోతోంది."

ఈసారి ఏ శపథమూ పట్టలేదు. ఒక చిన్న నోట్‌బుక్కు తీసుకుని రెండు వారాలు ఒకే ఒక్క విషయం రాశాను. నేననుకున్నది ఏ గంటకి తప్పాను? ఏం తిన్నాను, ఎంత తిన్నాను అన్నవి రాయలేదు, అవి రాస్తే మూడో రోజుకి విసుగొచ్చి మానేస్తానని నాకు తెలుసు. రెండు వారాల తర్వాత చూస్తే ఇరవై మూడు తప్పుల్లో పంతొమ్మిది రాత్రి తొమ్మిది దాటాకే. ఉదయం పదింటికి నా అంత నిగ్రహం ఉన్నవాడు లేడు. రాత్రి తొమ్మిదింటికి ఆ మనిషే లేడు. పొద్దున్నుంచీ అందరికీ జవాబులు చెప్పి, పిల్లల హోంవర్క్ ముగించి సోఫాలో కూలబడ్డ ఇంకో మనిషి ఉంటాడు. అతన్ని పట్టుకుని "సంకల్పబలం చూపించు" అంటే ఏం చూపిస్తాడు, పాపం!

దాంతో అతనికి పని తగ్గించాను. రాత్రి ఎంత తినాలో పొద్దున్నే అనుకుని నా వాటా విడిగా తీసిపెట్టమన్నాను. సరుకుల జాబితా రాత్రిపూట రాయడం మానేసి మధ్యాహ్నం భోజనం అయ్యాక, కడుపు నిండి ఉన్నప్పుడు రాశాను. బిస్కెట్లు వాటంతట అవే జాబితాలోంచి పోయాయి. ఇంట్లో లేనిదాన్ని చీకట్లో ఎంత తడిమినా దొరకదు కదా.

అన్నిటికన్నా పెద్ద మార్పు మాత్రం పక్క మీద జరిగింది. చెబితే ఎవరూ నమ్మరు. పన్నెండున్నర దాకా ఫోన్ చూసే నేను పదకొండుకల్లా పడుకోవడం మొదలుపెట్టాను. నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను పెరుగుతుందని, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుందని ఎప్పుడో చదివాను. నా విషయంలో అంత శాస్త్రం కూడా అక్కర్లేకపోయింది. మెలకువగా లేను కాబట్టి తినలేదు, అంతే.

ఇక నడక. రోజూ పదివేల అడుగులు నడవాలి అన్న మాట నన్ను చాలాకాలం భయపెట్టింది. నాలుగు వేలు దాటకపోతే ఆ రోజు దండగ అనిపించి మర్నాడు అసలు కదిలేవాణ్ణి కాదు. తీరా చూస్తే ఆ అంకె వెనక గట్టి వైద్య పరిశోధన ఏదీ లేదట. 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన, అడుగులు లెక్కపెట్టే ఒక పెడోమీటర్ పేరు 'మాన్‌పో-కెయ్', అంటే పదివేల అడుగుల మీటరు. అక్కణ్ణుంచి పాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. రోజుకి ఇరవై రెండు నిమిషాలు కూడా కాదు. ఓ మోస్తరు అంటే మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలట. అది చదివాక నవ్వొచ్చింది. రోజూ గంటకి పైగా ఆఫీసు ఫోన్లు మాట్లాడతాను, వాటిలో పాట పాడాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. ఫోన్ మోగితే లేచి నడవడమే పద్ధతిగా పెట్టుకున్నాను. ఒకాయన మాత్రం "ఏంటండీ, పరిగెడుతున్నారా?" అని రోజూ అడుగుతాడు.

టీలో చక్కెర కూడా మానేశాను. రోజుకి ఐదు టీలు, రెండేసి చెంచాలు, అంటే 40 గ్రాములు, 160 కేలరీలు. కిలో కొవ్వుకి సుమారు 7,700 కేలరీలు అనుకుంటే నలభై ఎనిమిది రోజులకి ఒక కిలో తగ్గాలి. కాగితం మీద. ఒంటికి ఆ లెక్కలేమీ పట్టవు.

నాలుగో నెలలో ఆఫీసులో లెక్కలు ముగించే హడావుడి వచ్చింది. పదిహేడు రోజులు నడక లేదు, నిద్ర లేదు, బయటి తిండి. తూకం చూస్తే కిలోన్నర పైకి. పాత రోజులైతే అక్కడితో కథ ముగిసేది. ఈసారి మామూలు తిండికి వచ్చిన నాలుగు రోజులకే అందులో కిలో దిగిపోయింది. అది కొవ్వు కాదు, నీరు. ఉప్పు ఎక్కువైనా, ఒంట్లో దాచుకునే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, నిల్వ పెరిగినా ఒళ్ళు నీరు పట్టి ఉంచుకుంటుంది. ఆ ముక్క ముందే తెలిసి ఉంటే ఎన్ని ప్రయత్నాలు మధ్యలో వదిలేయకుండా ఉండేవాణ్ణో! అప్పటినుంచీ రోజూ అంకె రాసుకుంటాను గానీ వారం సగటునే చూస్తాను.

తొమ్మిది నెలలు అయింది. ఇప్పుడు 78. అనుకున్నది 72, ఇంకా దూరమే ఉంది. రక్తపోటు కాస్త దిగిందని డాక్టర్‌గారు అన్నారు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా ఒంటికి తేడా తెలుస్తుందట. నాకు తెలిసిన తేడా బెల్టుకి రెండు రంధ్రాలు.

లేసులు లేని బూట్లు కొనుక్కోమని మా ఆవిడ పోరుతోంది. వద్దన్నాను. రెండు లేసులూ ఒకే ఊపిరిలో కట్టడం ఇంకా రాలేదు. ఒకటిన్నర దాకా వచ్చాను.