షామొనీ నుంచి జెర్మాట్ దాకా స్కీల మీద: నా అనుభవం, ముఖ్యంగా క్రాంపాన్ల గొడవ

ఫ్రాన్స్‌లోని షామొనీ నుంచి ఆల్ప్స్ కొండల మీదుగా స్కీలతో వచ్చి, నిన్న మధ్యాహ్నమే స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌లో దిగాం. మడమల మీద బొబ్బలు ఇంకా మానలేదు, స్కీ సామాను అద్దెకిచ్చిన షాపు మీద కోపం అసలే చల్లారలేదు.

దారిలో రాత్రి బస చేసే కొండ వసతుల (హట్ల) బుకింగ్ పెద్ద పనేం కాదు, నెలల ముందే చేసుకుంటే చాలు. స్విస్ ఫ్రాంకులు నగదుగా ఉంచుకోండి, పైన తాగే నీళ్లూ కొనుక్కోవాల్సిందే. షార్డొనే కనుమ (3,323 మీటర్లు) అవతలి వాలు తాడు సాయంతో దిగాం. ట్రియాన్, ప్రాఫ్లరీ, డీస్ హట్ల దాకా సాఫీగానే గడిచింది.

ఐదో రోజు పరువు పోయింది. డీస్ హట్ 2,928 మీటర్ల మీద ఉంటుంది. అక్కణ్నుంచి పీన్ దారొల్లా (దాదాపు 3,790) ఎక్కి అవతల వినియెట్ హట్‌కి దిగాలి. మధ్యలో సెర్పెంటీన్ గోడ అనే నిటారు వాలు ఉంది. రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దున గాజులా ఉంటుంది, దాని మీద స్కిన్ల (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ అడుగున అంటించే పట్టీల) నూగు పట్టదు. పట్టేది స్కీ ఉక్కు అంచూ, స్కీ క్రాంపాన్ (బూటు కింద, స్కీకి తగిలించే లోహపు పళ్ల చట్రం) పళ్లూ మాత్రమే.

నా అద్దె స్కిన్లు అంచుల్ని కప్పేసి ఉన్నాయి. రెండు పక్కలా ఓ రెండు మిల్లీమీటర్ల ఉక్కు బయటికి కనపడేలా కత్తిరించి ఉండాలి. అదీ సరే అనుకుని క్రాంపాన్లు తీశాను. స్కీ నడుము (మధ్యలో వెడల్పు) 98 మిల్లీమీటర్లు, వాళ్లిచ్చినవి 90 వెడల్పుకి సరిపోయేవి. ఎంత నొక్కినా దిగవు! వెనక పది మంది వరుసలో నిలబడి చూస్తున్నారు.

చేసేది లేక మంచు గొడ్డలితో కాళ్లు పట్టేంత చదును చెక్కాను. ముందు ఒక స్కీ విప్పి, హార్నెస్‌కి (నడుముకి కట్టుకునే తాడు పట్టీకి) తగిలించి, ఆ కాలికి బూటు క్రాంపాన్ కట్టాకే రెండోది ముట్టుకున్నాను. గట్టి మంచులో స్కీ గుచ్చితే నిలబడదు, చెయ్యి జారితే లోయలోకే. అరగంట పట్టింది. అంతకుముందు ఒక్క కిక్ టర్న్ (నిటారు వాలు మీద ఒక్కో స్కీ ఎత్తి దిశ మార్చే మలుపు) కూడా తప్పలేదని ఇప్పుడు చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు?

సరిపోయే క్రాంపాన్లున్నవాళ్లు వాలు మొదలవ్వకముందే, చదునులోనే తగిలించుకోండి. క్రాంపాన్ బూటుతో పాటు లేచే రకమైతే ఎక్కేటప్పుడు మడమ కింద పెట్టే దిమ్మ ఎత్తు తగ్గించండి, లేకపోతే పళ్లు సగమే దిగుతాయి. విప్పిన స్కిన్లు జాకెట్ లోపల పెట్టుకోండి. చల్లబడ్డ జిగురు అంటదు. మళ్లీ అంటించేముందు స్కీ అడుగు పొడిగా తుడవాలి.

చివరి రోజు మూడు కనుమలు: ఎవెక్, మాం బ్రూలే, వాల్పెలీన్ (3,568). తెల్లారకముందే బయల్దేరాలి, ఎండెక్కితే హిమానీనదం పగుళ్ల మీది మంచు వంతెనలు మెత్తబడతాయి.

రేపు షామొనీ వెళ్లి ఆ క్రాంపాన్లు కౌంటర్ మీద పెడతాను. నా స్కీకి వాళ్లనే ఎక్కించి చూపించమంటాను.